గడప ఎత్తు

మా ఆయన కారులో డ్రైవరు సీటు ఎడమ అంచు మళ్ళీ చిరిగింది. అది మూడోసారి. 2005లో ఒకసారి కుట్టాను, 2013లో ఇంకోసారి. 2024 వేసవిలో మళ్ళీ గరాజ్‌లోకి పిలిచి చూపించారు. మూడుసార్లూ ఒకటే చోటు. కూర్చున్నప్పుడు తొడకి పక్కనుంచి ఆనేలా కాస్త ఎత్తుగా ఉంటుందే, ఆ అంచు. తలుపు వైపుది. లోపలి వైపు అంచు తోలు ఇన్నేళ్ళయినా నిగనిగలాడుతూనే ఉంది.

మా అమ్మ చీరలన్నీ పొట్ట దగ్గరే ముందు చివికేవి, వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడే చోట. చివుకు ఎక్కడుందో చూస్తే ఆ మనిషి రోజంతా ఏం చేస్తుందో తెలిసిపోతుంది. సీటూ అంతే. దాన్ని విప్పి కుట్టే మనిషికి ఆ కారు గురించి ఒక సంగతి తెలుస్తుంది. కార్ల గురించి ఈ పేజీల్లో రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ చాలా కాలం అలాగే అనిపించింది. కారు, అందులోనూ స్పోర్ట్స్ కారు, మగవాళ్ళు టీ తాగుతూ చెప్పుకునే కబుర్లలోది కదా, మనకెందుకులే అని.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి ఏదో ఒక రకంగా కార్లతోనే తిండి. మా ఆయన 2004లో 1986 నాటి షెవ్రొలే కార్వెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కార్వెట్ అంటే అమెరికా వాళ్ళకి వట్టి కారు కాదు. 1953 నుంచి తయారవుతూ ఉన్న స్పోర్ట్స్ కారు. ఇద్దరే పట్టే కారు. పిల్లలూ సామానూ అత్తగారూ ఎవరూ ఎక్కరు అందులో. మధ్యతరగతి మగవాడు బాధ్యతలు తీరాక కొనుక్కునే కల అన్నమాట. మా ఆయనకి మా అమ్మాయి హైస్కూల్లో చేరకముందే తీరిపోయాయి బాధ్యతలు, అది వేరే సంగతి.

శనివారాలు స్నేహితులు వచ్చేవాళ్ళు. కార్వెట్ ముందు భాగం మొత్తం, చక్రాల పై కప్పులతో సహా, ఒకే మూతలా లేస్తుంది. దాని కింద తలలు పెట్టి నలుగురు మగవాళ్ళు గంటలు గంటలు ఉండేవాళ్ళు. నేను మిరపకాయ బజ్జీల పళ్ళెంతో అడుగుపెడితే జరిగి దారి ఇచ్చేవాళ్ళు, పళ్ళానికి. ఒకరోజు వాళ్ళలో ఒకాయన, మర్యాదస్తుడే, అన్నాడు: "వదినగారూ, ఇంజను సంగతి మేం చూసుకుంటాం. ఆ సీటు కవర్లు మాత్రం మీరు కుట్టి పెట్టాలి. మీ డిపార్టుమెంటే కదా!"

నిజమే, నా డిపార్టుమెంటే. నా ఉద్యోగం సీట్లు తయారుచేసే కంపెనీలో. సీటు పైతొడుగు ఇంజనీర్ని. ఆ మాటకి నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1985లో నేను మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మా తరగతిలో ఇద్దరమే ఆడపిల్లలం. రెండో ఏడాది ఆ అమ్మాయి ఎలక్ట్రానిక్స్‌కి మారిపోయింది. వర్క్‌షాప్‌లో ఇనప ముక్కని ఆకురాయితో గంటలకొద్దీ రాసి నలుచదరం చెయ్యాలి. ఓణీ నడుముకి బిగించి కట్టుకుని రాసేదాన్ని. మా ఇన్‌స్ట్రక్టరు నా ముక్కని తీసి కొలిచి, కరెక్టుగానే ఉందని చూసి, "ఎవరు చేసిపెట్టారమ్మా?" అనేవాడు. నాలుగేళ్ళూ అదే. పెళ్ళయి 1993లో ఇక్కడికి వచ్చాను, భర్త వీసా మీద ఆధారపడే వీసాతో. ఆ వీసా మీద వచ్చిన భార్యలు పనిచెయ్యడానికి అప్పట్లో వీల్లేదు. కొందరికైనా ఆ వీలు కలిగింది 2015లో. అప్పటికి నాకు ఆ అవసరం ఎప్పుడో దాటిపోయింది. ఏడేళ్ళు ఇంట్లో ఉన్నాను. లైబ్రరీలో ఒక కుట్టు తరగతి ఉచితంగా పెడితే వెళ్ళాను, మంచులో ఇంకెక్కడికీ వెళ్ళలేక. గ్రీన్ కార్డు వచ్చాక 2000లో ఉద్యోగానికి వెళితే ఏడేళ్ళ ఖాళీ చూసి అందరూ మొహం తిప్పుకున్నారు. ఒక సీట్ల కంపెనీ మాత్రం ఇంజనీరింగ్ డిగ్రీ, కుట్టుమిషను రెండూ తెలిసిన మనిషి కావాలంది. చేరాను. ఊరికి ఫోన్ చేసి చెబితే మా ఆడపడుచు భర్త, "మెకానికల్ చదివి దర్జీ పనిలో చేరావా అమ్మాయ్!" అని నవ్వారు. ఆయన చెడ్డవాడేం కాదు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అలా అలవాటైపోయింది నాకు.

అసలు ఆ పనేమిటో చెబితే అర్థమవుతుంది. ఈ రోజుల్లో చాలా కార్లలో పక్కనుంచి గుద్దుకుంటే కాపాడే గాలిసంచి సీటు పక్కలోనే మడిచిపెట్టి ఉంటుంది. దాని మీదుగా వెళ్ళే కుట్టుని నేను నిర్ణయించాలి. పదిహేనేళ్ళు మనుషులు ఎక్కుతూ దిగుతూ రాసుకున్నా ఆ కుట్టు వదలకూడదు. కానీ ప్రమాదం జరిగిన క్షణాన, కొన్ని మిల్లీసెకన్లలో, నిలువునా చిట్లిపోయి సంచికి దారి ఇవ్వాలి. దారం మందం, అంగుళానికి ఎన్ని కుట్లు, తోలు ఏ వైపు సాగుతుంది, మంచులో బిగిసిన తోలూ ఎండలో కాగిన తోలూ ఒక్కలాగే చిట్లుతాయా? వీటి కోసం నెలలు పట్టేది. ఓపిక పట్టి ఉండాలి, వేళకి తెగాలి. ఆ దారానికి నేర్పినంత బాగా మనకి ఎవరూ నేర్పలేదు.

కార్వెట్ సంగతికి వస్తాను.

2005 ఉగాదికి తెలుగు సంఘం కార్యక్రమం. నేను పట్టుచీర కట్టుకున్నాను, ముదురాకుపచ్చ గద్వాల. ఆ కారులో వెళదామన్నారు మా ఆయన. తలుపు తీస్తే ముందు కనిపించేది సీటు కాదు, గోడ. తలుపు కింద అంచు, మనం గడప అనుకునేది, మోకాలి దాకా ఉంటుంది, జానెడు వెడల్పు. దాని అవతల గుంటలో సీటు. ఒక కాలు ఎత్తి ఆ గోడ దాటించి, తల వంచి, నడుముతో జారి లోపల పడాలి. కుచ్చిళ్ళు పట్టుకుని నేను పడ్డ అవస్థ చూడాల్సిందే. దిగేటప్పుడు ఇంకా ఘోరం. హాలు ముందు, మనవాళ్ళందరూ చూస్తుండగా, ఆయన్నే వచ్చి చెయ్యి పట్టుకుని లాగమన్నాను. డ్రైవరు వైపైతే ఇంకో ముచ్చట. సీటుకీ గడపకీ మధ్య సందులో హ్యాండ్ బ్రేక్ లీవరు ఉంటుంది. నేను ఎప్పుడైనా నడపబోతే చున్నీ దానికి చుట్టుకునేది. ఆ ఉగాది రోజు ఒకావిడ ఓదార్చింది, "ఇవి మన ఆడవాళ్ళ కార్లు కావులెండి!" అని. పక్కనున్న మగవాళ్ళ మొహాల్లో కొంచెం గర్వం కూడా కనిపించింది. ఎక్కడానికి కష్టపడాలి, అప్పుడే అది నిజమైన స్పోర్ట్స్ కారు. అదొక నమ్మకం.

మా అమ్మమ్మ ఇల్లు గోదావరి పక్కన ఒక పల్లెలో ఉండేది. సింహద్వారం గడప అచ్చం అంతే ఉండేది, నా చిన్నప్పటి కొలతలో మోకాలి ఎత్తు. శుక్రవారం పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది అమ్మమ్మ. దాని మీద కూర్చోకూడదు, దాని మీద నిలబడి ఏదీ ఇవ్వకూడదు, ఆడపిల్ల సంజెవేళ దాన్ని దాటకూడదు. ఇవన్నీ గడప మహిమ అనుకునేదాన్ని. ఒకసారి తలుపు బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగి చెప్పాడు: గడప తీసేస్తే రెండు నిలువు కమ్ములూ కాలక్రమాన పక్కలకి జరిగిపోతాయి, తలుపు పట్టదు, అందుకే కింద ఆ దుంగ, వరద నీళ్ళు పురుగూ పుట్రా రాకుండా ఆ ఎత్తు. అదీ సంగతి. మహిమ తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు మా ఊళ్ళో కట్టే అపార్ట్‌మెంట్లలో లోపలి గదుల ద్వారబంధాలకి మూడు పక్కలే, కమ్ముల్ని గోడలోకి మేకులతో బిగించేస్తారు. గడప లేదని ఏ తలుపూ వేళ్ళాడిపోలేదు.

కారు గడపకీ ఇలాంటి కారణమే ఉండాలని నాకు తట్టింది ఆ సీటు మొదటిసారి విప్పినప్పుడు. తోలు తీసి కింద ఫోమ్ చూస్తే అంచు నలిగి ఒక పక్కకి వాలిపోయి ఉంది. మనిషి కూర్చుంటే పైనుంచి కిందికి అణగాలి. ఇది పక్కనుంచి లోపలికి నలిగింది. అంటే ఎక్కే ప్రతి మనిషీ గడప మీంచి జారి ఆ అంచు మీద పడి, అక్కణ్ణించి సీటులోకి వస్తున్నాడు. ఎంత గట్టి దారం వేసినా, ఎంత మంచి తోలు వేసినా ఇది మళ్ళీ చిరుగుతుంది. ఎందుకంటే తప్పు కుట్టులో లేదు, చట్రంలో ఉంది.

ఆ మాట గరాజ్‌లో చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. సరే, నేనే పుస్తకాలు తిరగేశాను.

మా కారు కార్వెట్ నాలుగో తరం. 1984 మోడలుగా వచ్చింది. మొదట గీసిన నమూనాలో పైకప్పు మధ్య ముందు అద్దం నుంచి వెనక్కి ఒక కడ్డీ ఉండేది. పైకప్పు రెండు పలకలుగా ఊడి వచ్చేది. పని చాలా దూరం వెళ్ళాక పెద్దవాళ్ళకి ఇంకో ఆలోచన వచ్చింది: కడ్డీ తీసేద్దాం, కప్పు మొత్తం ఒకే పలకగా తీసేలా చేద్దాం, తల పైన ఆకాశం తప్ప ఏమీ ఉండకూడదు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ ఆ కడ్డీ ఊరికే లేదు. కారు మెలితిరగకుండా పట్టి ఉంచేది అది. దాన్ని తీసేస్తే పోయిన బిగువుని ఇంకెక్కడో తెచ్చుకోవాలి. తెచ్చుకున్నారు, పక్కల నుంచి. చట్రం పక్క దూలాల ఎత్తు పెంచారు. అలా లేచింది గోడ. మగతనం కాదు, మహిమ కాదు. నడిమధ్యలో తీసుకున్న ఒక అలంకారపు నిర్ణయానికి ఇంజనీర్లు కట్టిన మూల్యం. ఆ మూల్యం చివరికి వసూలైంది ఎక్కే దిగేవాళ్ళ నడుముల నుంచీ, నా కుట్టు నుంచీ.

అలంకారం ఆడవాళ్ళది, ఇంజను మగవాళ్ళది అని గదా అందరూ అనుకునేది! ఈ కారు చరిత్ర చూస్తే ఆ గీత ఎక్కడా నిలబడదు. 1953లో మొట్టమొదటి కార్వెట్‌లు 300 చేశారు. అన్నీ తెలుపు, లోపల ఎరుపు. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, కళ్ళు చెదిరే అందం. కానీ తలుపుకి బయట పిడి లేదు. పైకి కిందికి తిప్పే కిటికీ అద్దం కూడా లేదు, తగిలించుకునే తెరలు. తలుపు తియ్యాలంటే తెర పక్కకి తోసి చెయ్యి లోపలికి పోనిచ్చి లోపలి పిడి తిప్పాలి. బయటి గీతల అందం చెడుతుందని ఎవరైనా అనుకున్నారో, పొదుపో, ఏదైతేనేం, పిడి లేని తలుపు. కొనేవాళ్ళు అంతంతమాత్రం. 1955లో 700 కార్లే చేశారు. 1956లో మార్చారు. కొత్త రూపంతో పాటు బయట పిళ్ళూ, తిప్పే అద్దాలూ వచ్చాయి. ఆ ఏడాది ఆ కారు 3,467 తయారైంది. ముందు ఏడాదే పెట్టిన వి-8 ఇంజను పుణ్యమని కార్ల పుస్తకాలు రాస్తాయి. కాదనను. తలుపు పిడికి కూడా నాలుగు మార్కులు వెయ్యమంటాను.

అదే 1956లో ఫ్లారిడా డేటోనా సముద్రతీరపు ఇసుక మీద వేగం పరీక్షలకి కార్వెట్‌లు తీసుకెళ్ళారు. నడిపిన ముగ్గురిలో ఒకరు జోరా ఆర్కస్ డంటోవ్, కార్వెట్ తండ్రి అని పేరున్న ఇంజనీరు. ఇంకొకరు రేసు డ్రైవరు జాన్ ఫిచ్. మూడో మనిషి బెట్టీ స్కెల్టన్. అంతకుముందే విమానంతో ఆకాశంలో పల్టీలు కొట్టి 1948, 49, 50 మూడేళ్ళు వరసగా ఛాంపియన్ అయిన మనిషి. తర్వాత ఆమె షెవ్రొలే ప్రకటనల సంస్థలో పనిచేసింది. మా గరాజ్ మిత్రులకి డంటోవ్ పుట్టిన ఊరు కూడా తెలుసు. బెట్టీ పేరు చెబితే, "మోడలా?" అని అడిగారు.

1950లలోనే జనరల్ మోటార్స్‌లో డిజైన్ పెద్ద హార్లీ ఎర్ల్ కొంతమంది చదువుకున్న ఆడవాళ్ళని డిజైనర్లుగా తీసుకున్నాడు. ప్రచారం వాళ్ళు వాళ్ళకి 'డామ్సెల్స్ ఆఫ్ డిజైన్' అని పేరు పెట్టారు. డామ్సెల్ అంటే కథల్లో రాజకుమారుడు వచ్చి కాపాడే కన్య. వాళ్ళకి ఎక్కువగా ఇచ్చిన పని లోపలి బట్టలూ రంగులూ. 1958లో వాళ్ళు చేసిన కార్లతో ఒక ప్రదర్శన పెట్టారు. అందులో రూత్ గ్లెన్నీ అలంకరించిన కార్వెట్‌కి నాలుగు ఋతువులకి నాలుగు జతల సీటు కవర్లు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మా పరువు తీశావే తల్లీ అనుకున్నాను. కోపంలో పుస్తకం మూసేశాను కాబట్టి తర్వాతి వాక్యం చాలా రోజుల తర్వాత గానీ చదవలేదు. అదే కారులో వాడనప్పుడు దానంతటదే లోపలికి చుట్టుకుపోయే సీటు బెల్టు ఉంది. కార్లలో ముందు సీట్లకి బెల్టులు ఉండి తీరాలని అమెరికా ప్రభుత్వం పట్టుబట్టింది 1968 నుంచి. కవర్ల మాటున బెల్టు పెట్టింది రూత్. నేను కవర్లే చూశాను. నలుగురు మగవాళ్ళ మధ్య నవ్వి నవ్వి నా చూపు కూడా వాళ్ళ చూపే అయిపోయింది.

1958 చివర ఎర్ల్ వెళ్ళిపోయి బిల్ మిచెల్ పెద్ద అయ్యాడు. అతనికి ఆడ డిజైనర్లంటే గిట్టదు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సుజాన్ వాండర్‌బిల్ట్ లాంటి ఒకరిద్దరు మాత్రం ఉండిపోయారు. రెండు దశాబ్దాలకి పైగా అక్కడే పనిచేసింది సుజాన్. ఇక మిచెల్‌ గారి అలంకారం చూడండి. 1963లో కార్వెట్‌ని పూర్తిగా మార్చారు. వెనక అద్దం మధ్యలో నిలువుగా ఒక పట్టీ, కారు వెన్నెముకలా. చూడ్డానికి అద్భుతం. డ్రైవరు వెనక్కి చూసే అద్దంలో సరిగ్గా వెనకాల వచ్చే బండిని కప్పేస్తుంది. డంటోవ్ మొత్తుకున్నాడు. మిచెల్ వినలేదు. ఒక్క ఏడాది నడిచి 1964లో పోయింది ఆ పట్టీ. ఇంకోటి, ఆ 1963 నుంచి దాదాపు ఇరవయ్యేళ్ళు ఈ కారుకి సామాను పెట్టడానికి వెనక తలుపే లేదు. పెట్టెలు సీట్ల మీంచి వెనక్కి తొయ్యాలి. బట్టల పెట్టె సర్దేది ఎవరో, తోసేది ఎవరో, డిజైన్ గదిలో ఎవరూ అడిగినట్టు లేదు.

అయితే 1988లో ఎవరో అడిగారు. నాలుగో తరం కారులోనే ఆ హ్యాండ్ బ్రేక్ లీవర్ని కిందికి, వెనక్కి జరిపారు, ఎక్కడం దిగడం సులువు కావడానికి. మా 1986 కారుకి ఆ భాగ్యం లేదు. ఆ తర్వాత 1997లో అయిదో తరం వచ్చింది, డేవ్ హిల్ అనే చీఫ్ ఇంజనీరు కింద. మా ఆయన స్నేహితుల్లో ఒకాయన 2001 కారు కొని తెచ్చినప్పుడు నేను మొదట చేసిన పని తలుపు తీసి గడప చూడ్డం. మూడు అంగుళాలకి పైగా తగ్గింది! ఎలా తగ్గించారో తెలుసుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది, నిజంగా. చిన్న చిన్న ముక్కలు అతికి చేసే పక్క దూలానికి బదులు ఒకే ఉక్కు గొట్టం పెట్టారు. గొట్టాన్ని అచ్చులో బిగించి లోపలికి విపరీతమైన ఒత్తిడితో నీళ్ళు పంపితే అచ్చు ఆకారానికి ఉబ్బుతుంది, అతుకు లేకుండా. కారు నడుమ పొడుగునా ఉండే సొరంగాన్ని అడుగునుంచి పలకతో మూసి, దాన్నే వెన్నెముక చేశారు. గేరుబాక్సుని వెనక చక్రాల దగ్గరికి జరిపారు, దాంతో కాళ్ళకి చోటు వచ్చింది. నేల పలకల మధ్యలో బాల్సా కర్ర, పిల్లల బొమ్మ విమానాలకి వాడే కర్ర! బిగువంతా మధ్యకి వెళ్ళింది కనక పక్క గోడ అవసరం తగ్గింది. కారు పాతదానికన్నా గట్టిపడింది, వేగమూ పెరిగింది. గడప తగ్గిస్తే స్పోర్ట్స్ కారు స్పోర్ట్స్ కారు కాకుండా పోతుందన్న మాట ఏమైనట్టు?

ఆ సాయంత్రం గరాజ్‌లో ఇదంతా బొమ్మ గీసి చెప్పాను, బజ్జీల కింది నూనె కాగితం మీదే. మర్యాదస్తుడు శ్రద్ధగా విని, "ఇదంతా ఎక్కడ చదివారు వదినగారూ?" అన్నాడు. పాత ఇన్‌స్ట్రక్టరు గొంతు వినిపించింది. ఈసారి నవ్వలేదు. "చదివింది సగం. మిగతాది మీ కారు సీటు విప్పితే తెలిసింది," అన్నాను. మా ఆయన ఏమీ అనలేదు. కానీ మర్నాడు ఆ కాగితం ఆరబెట్టి పనిబల్ల పైన గోడకి గుచ్చారు. ఇప్పటికీ ఉంది, నూనె మరకలతో.

నేను పనిచేసే చోట సీటు కొలతలకి ఒక ఇనప బొమ్మ ఉంటుంది. తుంటి ఎక్కడ ఆనుతుందో అది చెబుతుంది. ఆ బిందువు నుంచే కారు లోపలి కొలతలన్నీ మొదలవుతాయి. ఆ బొమ్మ ఒళ్ళు మగవాడి ఒళ్ళు. పాతికేళ్ళు దాన్ని ఎత్తి సీట్లో పెట్టాను, దించాను, చాలా బరువు. దాని ఒడిలో కొలత పెట్టి కుట్టిన సీట్లలో నేను కూర్చుంటే నా మోకాళ్ళ వెనక అంచు కోసుకుంటుంది. రిపోర్టులో రాస్తే, "నువ్వు సగటు కాదు కదా," అన్నారు ఒక సమావేశంలో.

2023లో మా ఆయనకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. నెలలు గడిచినా కాలు అంత ఎత్తు లేవడం లేదు. కార్వెట్ గరాజ్‌లో గుడ్డ కప్పుకుని పడి ఉంది. చివరి సారిగా సీటు చిరిగింది కూడా అప్పుడే. కాలు ఎత్తలేక ఆ అంచు మీద పూర్తి బరువుతో కూలబడి ఎక్కడానికి ప్రయత్నించారట, నేను ఇంట్లో లేనప్పుడు. చిరుగు చూపిస్తూ, "అమ్మేద్దామా?" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. 1993 నుంచి ఏడేళ్ళు కిటికీలోంచి మంచు చూస్తూ నా గొంతు అలాగే ఉండేది. జాలి పడ్డాననుకోకండి. కొంచెం కక్ష కూడా ఉంది, దాచను.

అమ్మలేదు. అంచు కుట్టాను. ఫోమ్ మార్చి, ఆ మూల లోపల ఇంకో పొర బట్ట అతికించి, కుట్టుని జారే దారికి అడ్డంగా కాక దాని వెంటే పోయేలా నాలుగు వేళ్ళు కిందికి జరిపాను. మొదటి రెండుసార్లూ కంపెనీ వేసిన గీతనే అనుసరించి కుట్టాను, గీత మార్చే హక్కు నాకు ఉందని తోచక. అక్టోబరులో ఇద్దరం కెంటకీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్‌కి బయల్దేరాం. 1981 నుంచి కార్వెట్‌లు తయారయ్యేది అక్కడే, పక్కనే మ్యూజియం. నడిపింది నేను, పంజాబీ డ్రెస్సులో, చున్నీ ఇంట్లో వదిలేసి. క్లచ్ బరువే. ఆకురాయి పట్టిన చేతులకి చేసిన అలవాటు కాళ్ళకీ చేశాను. ఒహాయో దాటేదాకా ఆయన కుడి పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.

మ్యూజియం నేల మీద గీతలు గీసి ఉన్నాయి. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున అక్కడ భూమి కుంగి ఎనిమిది కార్వెట్‌లు అందులో పడిపోయాయి. అప్పుడు లోపల ఎవరూ లేరు. కింద సున్నపురాయి గుహలట. భూమి చీలి మింగితే మన కథల్లో ఆడది వెళుతుంది, ఇక్కడ కార్లు వెళ్ళాయి అన్నాను. మా ఆయన గట్టిగా నవ్వారు. ఇక్కడి గౌరవ జాబితాలో బెట్టీ స్కెల్టన్ పేరు 2001లో చేర్చారు. ఆమె 2011లో పోయింది. ఆ పేరు దగ్గర నేను కొంచెంసేపు ఎక్కువ నిలబడ్డాను. ఆయన కూడా నిలబడ్డారు, కర్ర ఆనించుకుని.

2020 నుంచి వస్తున్న ఎనిమిదో తరం కారులో కూర్చుని చూశాం. ఇంజను సీట్ల వెనక్కి వెళ్ళింది. డంటోవ్ 1960 ప్రాంతాల నుంచీ అడుగుతూ వచ్చిన మార్పు, అతను పోయిన చాలా ఏళ్ళకి జరిగింది. అతని అస్థికలు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. పక్క సీట్లో కూర్చున్న నాకు మాత్రం ముందు కనిపించింది డ్రైవరుకీ నాకూ మధ్య ఏటవాలుగా దిగిన ఒక గట్టు, దాని మీద వరసగా మీటలు. చలి వేస్తే నా వైపు మీట నేనే నొక్కుకోవచ్చు, కానీ మధ్యలో గోడ. పక్క గోడ తగ్గింది, నడిమి గోడ లేచింది అనుకున్నాను. 2026 మోడల్‌లో దాన్నీ తీసేసి లోపలి అమరిక మార్చారు.

బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. మా కారు దగ్గర ఆయన తలుపు తీసి, లోపలికి కాలు పెట్టబోయి, ఆగి, వెనక్కి తిరిగి గడప మీద కూర్చున్నారు. అమ్మమ్మ చూస్తే అరిచేది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నారు. నేను మోచెయ్యి ఆసరా ఇచ్చాను. చీరలో ఎక్కడం నేర్చుకున్నప్పుడు నేను కనిపెట్టిన పద్ధతి అది, గడప మీద కూర్చుని తిరగడం. "ముందే చెప్పొచ్చు కదా," అన్నారు. అటు వైపు వెళ్ళి నేను ఎక్కాను. కొత్త కుట్టు ఇంకా కొంచెం బిర్రుగానే ఉంది.